తిన్న ఇంటి వాసాలు

ఇలా మంట దగ్గరికి జరగండి. బయట మంచు గట్టిగానే పడుతోంది. మన తెనాలి వైపయితే భోగి నాడు తెల్లవారుజామునే వీధి వీధికీ మంటేసేవాళ్లు. దాని చుట్టూ చేరి పెద్దవాళ్లు పాత ముచ్చట్లు చెబుతుంటే పిల్లలం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. ఇక్కడ మేరీలాండ్‌లో ఇంట్లో ఉన్న ఈ ఫైర్‌ప్లేసే మనకి భోగి మంట. మొన్న భోజనాల దగ్గర మీరిద్దరూ జడ్జీల కానుకల మీద పోట్లాడుకున్నారు. "స్నేహితుడి పడవలో తిరిగితే తప్పేంటి?" అన్నాడు వీడు. "తిరిగినందుకు కాదు, చెప్పనందుకు" అన్నది అమ్మడు. నేనప్పుడు కలగజేసుకోలేదు. నాకు యాభై ఏళ్లు దాటిన సంగతొకటి గుర్తొచ్చింది. అది తెలిస్తే ఇప్పటి గొడవ ఎంత పెద్దదో మీకే అర్థమవుతుంది. వినండి.

నేను ఈ దేశం వచ్చింది 1968లో. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉద్యోగం. అప్పట్లో పీఎల్ 480 అని ఒకటుండేది. అమెరికా మనకి గోధుమలు పంపేది, మనం వాటి ఖరీదు రూపాయల్లో కట్టేవాళ్లం. ఆ రూపాయల్లో కొన్ని పెట్టి ఇక్కడి లైబ్రరీల కోసం మన దేశంలో అచ్చయిన పుస్తకాలు కొనేవాళ్లు. అలా తెలుగు పుస్తకాలు కూడా పెట్టెల్లో దిగేవి. వాటికి కార్డులు రాయడం నా పని. మా లైబ్రరీకీ సుప్రీంకోర్టుకీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం తినేసి, కోర్టు మెట్లెక్కి లోపలికి పోయి కూర్చునేవాణ్ని. టిక్కెట్టు లేదు, సిఫారసు లేదు. ఎవరైనా పోయి వరసలో నిలబడి వాదనలు వినొచ్చు.

ఆ మేడ 1935లో తయారైంది. అంతా పాలరాయి. ముందు పదహారు స్తంభాలు, వాటి పైన చట్టం కింద అందరికీ సమానన్యాయం అని చెక్కిన మాట. లోపల ఎత్తయిన బల్ల వెనక తొమ్మిది కుర్చీలు. ప్రధాన న్యాయమూర్తి మధ్యలో కూర్చుంటాడు. సీనియారిటీ ప్రకారం ఆయనకి కుడి పక్కన ఒకరు, ఎడం పక్కన ఒకరు, అలా సర్దుకుంటూ పోతారు. కొత్తవాళ్లు ఆ చివరా ఈ చివరా ఉంటారు. లాయర్ల బల్లల మీద రోజూ తెల్లటి బాతు ఈకల కలాలు పెట్టి ఉంచుతారు. వాటితో ఎవరూ రాయరు, పాత ఆచారం. వాదించిన లాయర్లు గుర్తుగా ఇంటికి తీసుకుపోతారు. నేను వెళ్లే రోజుల్లో ఒక చివర థర్‌గుడ్ మార్షల్ కూర్చునేవాడు. ఆ కోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి ఆయన. రెండో చివర కూర్చునే ఆయన పేరు ఏబ్ ఫోర్టాస్. నేను చెప్పబోయేది ఆయన కథే.

ఫోర్టాస్ మెంఫిస్‌లో పుట్టాడు. పేద యూదు కుటుంబం. తండ్రి కొయ్యపని చేసేవాడు. కుర్రాడు వయొలిన్ వాయించి నాలుగు డబ్బులు తెచ్చుకుని చదువుకున్నాడు. యేల్‌లో లా చదివాడు. వాషింగ్టన్‌లో పెద్ద లాయరయ్యాడు. కంపెనీలు ఆయన గుమ్మం ముందు నిలబడేవి. అయినా ఆయనకి అందరికంటే ఎక్కువ పేరు తెచ్చింది పైసా ఫీజు లేని కేసు.

ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అని ఒక బీదవాడు. బిలియర్డ్స్ ఆడే హాల్లో దొంగతనం చేశాడని 1961లో కేసు పెట్టారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు, నాకొక లాయర్ని ఇప్పించండి అని జడ్జిని అడిగాడు. కుదరదన్నారు. అయిదేళ్ల జైలు పడింది. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. కోర్టు దాన్ని పక్కన పడెయ్యలేదు. అతని తరఫున వాదించమని ఫోర్టాస్‌ని నియమించింది. 1963లో తొమ్మిది మందీ ఒక్క మాటగా తీర్పిచ్చారు: నేరం మోపినవాడికి లాయర్ని పెట్టుకునే శక్తి లేకపోతే ప్రభుత్వమే పెట్టాలి. మళ్లీ విచారణ జరిగి, ఈసారి పక్కన లాయరుండగా, గిడియన్ నిర్దోషిగా బయటికొచ్చాడు.

రెండేళ్లకి, 1965లో, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఫోర్టాస్‌ని సుప్రీంకోర్టు న్యాయమూర్తిని చేశాడు. ఇద్దరూ పాత మిత్రులు. జడ్జయ్యాక కూడా ఫోర్టాస్ అధ్యక్షుడికి సలహాలు చెబుతూనే ఉన్నాడు. అది ఒక మచ్చ. తీర్పులు మటుకు గొప్పవి రాశాడు. పిల్లలకి కూడా కోర్టులో హక్కులుంటాయని 1967లో చెప్పింది ఆయనే. వియత్నాం యుద్ధానికి నిరసనగా బడికి నల్ల పట్టీలు కట్టుకెళ్లిన పిల్లల్ని ఇంటికి పంపేస్తే, బడి గేటు దాటగానే పిల్లల వాక్‌స్వాతంత్ర్యం పోదని 1969 ఫిబ్రవరిలో రాసిందీ ఆయనే. మీ సివిక్స్ పుస్తకంలో ఆ కేసు ఉంటుంది, చూసుకోండి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కథలో మొదటే ఆయన్ని దుర్మార్గుణ్ని చేస్తే మీకు అసలు సంగతి అందదు. ఆయన మంచి లాయరు, మంచి జడ్జి. తప్పు అలాంటివాడి చేతే జరిగింది.

నేను వచ్చిన కొత్తలోనే మొదటి దెబ్బ తగిలింది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ దిగిపోతానన్నాడు. ఆ కుర్చీకి జాన్సన్ ఫోర్టాస్ పేరు పంపాడు. సెనేట్‌లో విచారణ మొదలయ్యాక ఒక విషయం బయటపడింది. అమెరికన్ యూనివర్సిటీలో వేసవి తరగతులు చెప్పినందుకు ఫోర్టాస్‌కి 15,000 డాలర్లు ముట్టాయి. ఆ డబ్బు యూనివర్సిటీది కాదు. ఆయన పాత భాగస్వామి లాయరొకాయన వ్యాపారస్తుల దగ్గర పోగుచేసినది. ఆ వ్యాపారస్తుల వ్యవహారాలు రేపు కోర్టుకి రావచ్చు. సెనేట్‌లో వ్యతిరేకులు మాట్లాడుతూనే ఉండి ఓటింగు జరగకుండా అడ్డుకున్నారు. ఆ చర్చ ఆపాలని 1968 అక్టోబరు 1న తీర్మానం పెడితే 45 మంది అవునన్నారు, 43 మంది కాదన్నారు. చర్చ ఆపడానికి ఆ మాత్రం ఆధిక్యం చాలలేదు. ఫోర్టాస్ తన పేరు వెనక్కి తీసుకోమన్నాడు. ప్రధాన న్యాయమూర్తి కాలేదు గానీ మామూలు న్యాయమూర్తిగా తన కుర్చీలో తాను ఉన్నాడు.

అసలు దెబ్బ 1969 మే మొదటి వారంలో తగిలింది. లైఫ్ పత్రికలో విలియం లాంబర్ట్ అనే విలేఖరి వ్యాసం రాశాడు. ఆ వారం ఆ పత్రిక లైబ్రరీలో చేతులు మారుతూనే ఉంది. లూయిస్ వుల్ఫ్‌సన్ అని ఒక కోటీశ్వరుడు. షేర్ల వ్యవహారంలో ప్రభుత్వం అతని మీద దర్యాప్తు చేస్తోంది. అతని కుటుంబం పేరున ఉన్న ధర్మసంస్థ 1966 జనవరిలో ఫోర్టాస్‌కి 20,000 డాలర్లు ఇచ్చింది. అప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి జీతం ఏడాదికి 39,500. అంటే ఒక్క చెక్కుతో సగం జీతం పైన. ఆ ఏడాదే శరత్కాలంలో వుల్ఫ్‌సన్ మీద రెండుసార్లు నేరారోపణ జరిగింది. డిసెంబరులో ఫోర్టాస్ ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాడు. వ్యాసం వచ్చేనాటికి వుల్ఫ్‌సన్ శిక్షపడి జైల్లో ఉన్నాడు.

"తిరిగి ఇచ్చేశాడుగా తాతయ్యా, ఇంకేం?" అంటావేమో. మా ఆఫీసులోనూ అదే మాట అన్నవాళ్లున్నారు. ఫోర్టాస్ వైపు ఉన్న న్యాయం అది. వుల్ఫ్‌సన్ కేసులో ఆయన వేలు పెట్టినట్టు ఎవరూ చూపించలేదు. ఆయన అతనికోసం ఏ తీర్పూ రాయలేదు. కానీ డబ్బు ఆయన దగ్గర ఉన్నది పదకొండు నెలలు. తిరిగి ఇచ్చింది ఇచ్చినవాడి మీద నేరం మోపాక. ఈ మధ్యలో ఆయన ఫ్లోరిడాలో ఆ కోటీశ్వరుడి గుర్రాల క్షేత్రానికి వెళ్లి సంస్థ సమావేశంలో కూర్చుని వచ్చాడు. ఇవన్నీ దేశానికి తెలిసింది ఆయన చెబితే కాదు, ఒక పత్రిక తవ్వితే.

పత్రికకి కూడా తెలియని సంగతి ఇంకొకటుంది. అటార్నీ జనరల్ జాన్ మిచెల్ కొన్ని కాగితాలు పట్టుకెళ్లి, ఇంకా ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోనే ఉన్న ఎర్ల్ వారెన్ ముందు పెట్టాడు. అందులో ఒప్పందం ఉంది. ఒక్కసారి 20,000 కాదు. ఫోర్టాస్ బతికున్నంత కాలం ఏటా 20,000. ఆయన తర్వాత ఆయన భార్య బతికున్నంత కాలం ఆమెకి. సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉద్యోగం జీవితాంతం. ఆ జీవితాంతానికీ ఇంకొకడు జీతం కట్టినట్టే కదా!

ఇక్కడ నిజం నిజంలా చెప్పాలి. నిక్సన్ అప్పుడే అధ్యక్షుడయ్యాడు. ఫోర్టాస్ కుర్చీ ఖాళీ అయితే తన మనిషిని కూర్చోబెట్టుకోవాలని ఆయనకి ఆశ ఉంది. మిచెల్ పరుగెత్తుకెళ్లింది న్యాయం మీద ప్రేమతో ఒక్కటే కాదు. అయినా, ఫోర్టాస్‌ని నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న డెమోక్రాట్లు కూడా వెనకేసుకు రాలేదు. వారెన్ తీర్పుల్లో ఫోర్టాస్ పక్షంవాడు, అయినా కాగితాలు దాచలేదు. తోటి న్యాయమూర్తుల్ని కూర్చోబెట్టి వాళ్ల ముందు పెట్టాడు. మే 14న ఫోర్టాస్ రాజీనామా రాసిచ్చాడు. పత్రిక బయటికొచ్చాక పది రోజులంతే. ఆయన పాత లా ఫర్మ్ కూడా ఆయన్ని మళ్లీ చేర్చుకోలేదు.

ఆ అక్టోబరులో కోర్టు మళ్లీ తెరిచినప్పుడు నేను వెళ్లాను. బల్ల వెనక ఎనిమిది మందే ఉన్నారు. ఏడాది పైన అలాగే నడిచింది. ఎందుకంటే సెనేట్ ఒళ్లు దగ్గర పెట్టుకుంది. నిక్సన్ మొదట హేన్స్‌వర్త్ అనే జడ్జి పేరు పంపాడు. తనకి షేర్లున్న కంపెనీల వ్యవహారాల్లో తీర్పులు చెప్పాడని పట్టుకున్నారు. ఫోర్టాస్‌ని ఏ కొలబద్దతో కొలిచారో ఇతన్నీ దానితోనే కొలవాలన్నారు. 55 మంది వద్దన్నారు, 45 మంది కావాలన్నారు. వద్దన్నవాళ్లలో నిక్సన్ పార్టీవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత పంపిన కార్స్‌వెల్‌నీ తిప్పికొట్టారు. 1970లో హారీ బ్లాక్‌మన్ పేరొస్తే 94 మంది ఓటేశారు, ఒక్కరు కూడా కాదనలేదు.

అదే రోజుల్లో విలియం డగ్లస్ అనే ఇంకో న్యాయమూర్తి సంగతి కూడా బయటపడింది. లాస్ వెగాస్ జూదశాలల సొమ్ముతో సంబంధమున్న ఒక ధర్మసంస్థ నుంచి ఆయన ఏటా 12,000 డాలర్లు తీసుకునేవాడు. ఫోర్టాస్ గొడవ రేగగానే ఆ సంస్థలో తన పదవి వదులుకున్నాడు. ఆయన్ని తొలగించాలని జెరాల్డ్ ఫోర్డ్ కాంగ్రెస్‌లో లేచాడు. కమిటీ విచారించి ఆధారం లేదంది. ఆయన కుర్చీ నిలిచింది.

తర్వాత వాటర్‌గేట్ కుంభకోణం వచ్చింది, నిక్సన్ దిగిపోయాడు. 1978లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పై అధికారులూ, కాంగ్రెస్ సభ్యులూ, సుప్రీంకోర్టుతో సహా ఫెడరల్ న్యాయమూర్తులూ ఏటా తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, పుచ్చుకున్న కానుకలు రాసివ్వాలి. ఒక నిర్ణీత ఖరీదు దాటిన ప్రతి కానుకా అందులో ఉండాలి. అందరికంటే నేనే ఎక్కువ సంతోషించి ఉంటాను. అంతకుముందు సిగ్గు ఒక్కటే కాపలా ఉండేది, ఇప్పుడు సిగ్గుకి తోడు చట్టం కూడా వచ్చిందనుకున్నాను.

ఆ చట్టంలో ఒక సందు వదిలారు. స్నేహితుడి ఇంట్లో భోజనం చేసినా, రాత్రికి పడుకున్నా అది రాయక్కర్లేదు. వినడానికి సబబుగానే ఉంది. పక్కింటివాడు పెట్టిన ఉప్మాకి ఫారం నింపమంటే ఎవరు నింపుతారు? కానీ ఆ సందులోంచి ఏనుగు దూరింది.

2023 ఏప్రిల్‌లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఒక కథనం వేసింది. క్లారెన్స్ థామస్ 1991 నుంచి న్యాయమూర్తి. హార్లన్ క్రో టెక్సస్ కోటీశ్వరుడు, రాజకీయాలకి బాగా డబ్బిచ్చేవాడు. ఇరవై ఏళ్లకి పైగా ఇంచుమించు ఏటా థామస్ గారు క్రో ఖర్చు మీద విహారాలు చేశారు. 2019లో క్రో సొంత విమానంలో ఇండోనేషియా వెళ్లి, సొంత పెద్ద పడవలో తొమ్మిది రోజులు దీవుల మధ్య తిరిగారు. ఆ విమానం, పడవ సొంతంగా బాడుగకి తీసుకుంటే అయిదు లక్షల డాలర్లు దాటేదని లెక్క కట్టారు. ఏటా ఇచ్చే కాగితంలో ఇవేవీ లేవు. వారం తిరిగేసరికి ఇంకోటి. థామస్ గారి తల్లి ఉంటున్న సవానా ఇంటినీ, పక్కన రెండు స్థలాలనీ 2014లో క్రో 1,33,363 డాలర్లకి కొన్నాడు. ఆ అమ్మకం కూడా కాగితంలో లేదు. తర్వాత ఇంకోటి. థామస్ దంపతులు పెంచుతున్న మనవడి వరస పిల్లవాడికి ప్రైవేటు స్కూలు ఫీజు నెలకి ఆరు వేల డాలర్ల పైన, అది కట్టిందీ క్రోనే.

ఇక్కడ ఒక పాత ముక్క కూడా తెలుసుకోవాలి. క్రో ఇచ్చిన ఒక బైబిలు, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌ది, ఖరీదు 19,000 డాలర్లు, దాన్ని థామస్ గారు అంతకుముందు కాగితంలో రాశారు. 2004లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ కాగితాలు చూసి పెద్ద వార్త వేసింది. ఆ తర్వాత క్రో కానుకలు కాగితాల్లో కనబడటం దాదాపు మానేశాయి. విహారాలు మటుకు మానలేదు.

ఆయన వైపు మాట కూడా చెప్పాలి. క్రో దంపతులు మాకు దగ్గరి స్నేహితులు, కోర్టులో వాళ్లకి వ్యవహారాలేవీ లేవు, ఇలాంటి ఆతిథ్యం రాయక్కర్లేదని కొత్తగా చేరినప్పుడు తోటివాళ్లు చెప్పారు అన్నాడు థామస్. నేను ఏ కేసు గురించీ ఎప్పుడూ అడగలేదు అన్నాడు క్రో. ఆ మాటలు అబద్ధమని నేను అనను. కానీ ఒక్కటి చూడండి. ఆ స్నేహం మొదలైంది థామస్ గారు సుప్రీంకోర్టు కుర్చీ ఎక్కాక. బాల్యస్నేహం కాదు, కష్టకాలంలో కలిసిన చెయ్యి కాదు. కుర్చీకి ముందు లేనిది కుర్చీ తర్వాత వచ్చింది.

ఇది థామస్ ఒక్కరి సంగతీ కాదు. 2008లో శామ్యూల్ అలిటో గారు అలాస్కాకి చేపలవేటకి వెళ్లారు. పాల్ సింగర్ అనే వాల్‌స్ట్రీట్ కోటీశ్వరుడి విమానంలో చోటు దొరికింది. అదీ కాగితంలో లేదు. 2014లో సింగర్ ఫండ్‌కీ అర్జెంటీనా దేశానికీ మధ్య అప్పు తగాదా సుప్రీంకోర్టుకొచ్చింది. 7-1తో ఫండ్ గెలిచింది. గెలిచిన వైపు ఓట్లలో అలిటోది ఒకటి. తర్వాత ఆ ఫండ్‌కి 240 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ కేసులో సింగర్ ఉన్నాడని తనకి తెలియదనీ, తాను కూర్చోకపోతే ఆ సీటు ఖాళీగా పోయేదనీ అలిటో గారు పత్రికలో రాశారు. మరి అర్జెంటీనా లాయర్లకి ఆ విమానం సంగతి తెలుసా? తెలిస్తేనే కదా, "అయ్యా, ఈ కేసులో మీరు తప్పుకోండి" అని అడగగలిగేది!

అమ్మడూ, నువ్వు లా చదువుతానంటున్నావు కదా, ఇది గట్టిగా పట్టుకో. కానుక కాగితం మీదికి ఎక్కించమనేది జడ్జిని అవమానించడానికి కాదు. అవతలి కక్షిదారు చేతికి ఒక హక్కు ఇవ్వడానికి. ఆ కోర్టులో ఒక కేసు నుంచి తప్పుకోవాలా వద్దా అన్నది ఆ న్యాయమూర్తే తేల్చుకుంటాడు. పైన అప్పీలు లేదు. అలాంటప్పుడు దాచిన కానుక అడగడానికి ఉన్న ఒక్క దారినీ మూసేస్తుంది.

మన పెద్దవాళ్లు తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదు అంటారు. అన్నం పెట్టిన ఇంటిని ఎంచకూడదని. మనిషికి అది మంచి గుణమే. కానీ న్యాయమూర్తి ఉద్యోగమే వాసాలు లెక్కపెట్టడం. ఎవరి ఇల్లయినా సరే, పైకి చూసి, ఈ వాసం పుచ్చింది, ఈ వాసం పక్కవాడిది అని చెప్పాలి. అందుకే జీతమిస్తున్నాం, అందుకే జీవితాంతం కదపరాని కుర్చీ ఇచ్చాం. అలాంటివాడు ఆ ఇంట్లో తిన్నాడనుకోండి, రెండే దారులు. లెక్కపెడితే విశ్వాసం లేనివాడవుతాడు, లెక్కపెట్టకపోతే న్యాయం లేనివాడవుతాడు. కాబట్టి తినకూడదు. తప్పనిసరై తింటే, ఎక్కడ తిన్నాడో ఊరందరికీ చెప్పి, ఆ ఇంటి తగాదా వచ్చిన రోజు లేచి బయటికి పోవాలి.

ఇది చెయ్యలేని పనేం కాదు. నా చిన్నతనంలో తెనాల్లో ఒక మున్సిఫు గారుండేవారు. ఊళ్లో పెళ్లిళ్లకి వెళ్లేవారు కాదు. ఎవరింటా కాఫీ తాగేవారు కాదు. సాయంత్రం కాలవ గట్టున ఒక్కరే నడుస్తుంటే ఎదురుపడ్డ ప్లీడర్లకి నమస్కారానికి నమస్కారం పెట్టి సాగిపోయేవారు. గర్విష్ఠి అనేవాళ్లు జనం. మా నాన్నకి కాలవ నీళ్ల మీద దావా ఉండేది. ఆ దావాలో మేం ఓడిపోయాం. ఓడిన రోజు కూడా మా నాన్న ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ఆయన ఎవరింట్లోనూ తినలేదురా, నాకు తెలుసు" అన్నాడు. ఓడినవాడి చేత అలా అనిపించుకోవడం న్యాయమూర్తికి వచ్చే అసలు జీతం. దానికి ఆయన కట్టిన ఖరీదు ఊరంత ఒంటరితనం. అది చిన్న ఖరీదని నేను అనను. ఆ కుర్చీ ఎక్కేవాళ్లు అది తెలిసే ఎక్కాలి అంటాను.

ఈ దేశంలోనూ అలాంటివాళ్లున్నారు. ఎలెనా కేగన్ అనే న్యాయమూర్తికి తనతో హైస్కూల్లో చదువుకున్న స్నేహితురాళ్లు న్యూయార్కు నుంచి బేగెల్ రొట్టెలూ చేపా పంపాలనుకుంటే, వద్దని చెప్పిందని పత్రికల్లో వచ్చింది. రొట్టెముక్కకి ఎవరు అమ్ముడుపోతారు? ఎవరూ పోరు. కానీ రొట్టె దగ్గర గీత గీసుకున్నవాడికి విమానం దగ్గర గీత వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఇక్కడి ప్రభుత్వ శాఖల్లో మామూలు గుమాస్తా కూడా తనతో పనిపడేవాడి దగ్గర ఒకసారికి 20 డాలర్లు మించిన వస్తువు పుచ్చుకోకూడదు. గుమాస్తాకి ఉన్న కట్టు దేశానికంతా చివరి మాట చెప్పే కుర్చీకి లేకపోతే ఎట్లా?

మన దేశం మాట కూడా చెప్పుకోవాలి. 1997లో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి తమ నడవడికి నియమాలు రాసుకున్నారు. కుటుంబం, దగ్గరి బంధువులు, స్నేహితులు తప్ప ఇంకెవరి దగ్గరా కానుకలు గానీ ఆతిథ్యం గానీ పుచ్చుకోకూడదని అందులో ఉంది. మంచి నియమం. కానీ స్నేహితులన్న సందు అక్కడా ఉంది చూశారా! 2025లో వాళ్లు తమ ఆస్తుల వివరాలు బయట పెట్టాలని తీర్మానించుకుని, మే నెలలో చాలామందివి కోర్టు వెబ్‌సైటులో పెట్టారు. అదీ మంచిదే. కాకపోతే ఆస్తుల పట్టిక ఆయన దగ్గర ఏముందో చెబుతుంది. ఎవరింట విడిదిచేశాడో చెప్పదు. అమెరికాలో జరిగింది చూశాక మనవాళ్లు ఆ సందు ఇప్పుడే మూసుకుంటే మేలు.

ఇక మళ్లీ 1969కి, 2023కి వద్దాం. అప్పుడు తోటి న్యాయమూర్తులు కూర్చుని కాగితాలు చూశారు. ఇప్పుడు సెనేట్ కమిటీ వచ్చి మాట్లాడమని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్‌ని పిలిస్తే ఆయన రానన్నాడు. అప్పుడు తిరిగి ఇచ్చేసిన 20,000కి కుర్చీ పోయింది. ఇప్పుడు లక్షల డాలర్ల విహారాలకి పాత కాగితాలు కొన్ని సవరించి ఇవ్వడంతో సరిపోయింది. ఆ విహారాల్లో రెండింటిని థామస్ గారు 2024లో ఇచ్చిన కాగితంలో చేర్చారు. ఈ సంగతి న్యాయశాఖకి పంపమని కొందరు కాంగ్రెస్ సభ్యులు అడిగితే, 2025 జనవరిలో ఫెడరల్ జడ్జీల పాలకమండలి పంపం అంది. అప్పుడు సొంత పక్షంవాళ్లే దిగిపోమన్నారు. ఇప్పుడు ఎవరి పక్షంవాళ్లు వాళ్ల జడ్జిని వెనకేసుకొస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఫోర్టాస్ తీర్పులంటే నాకు ఇష్టం. అయినా ఆయన దిగిపోవడం న్యాయమే అన్నాను, ఇప్పటికీ అంటాను. మీకు ఏ జడ్జి తీర్పులు ఇష్టమో ఆ జడ్జినే ముందు అడగండి. నచ్చనివాణ్ని అడగడం ఎవరైనా చేస్తారు.

2023 నవంబరు 13న ఆ కోర్టు తన చరిత్రలో మొదటిసారి ఒక నియమావళి ప్రకటించింది. తొమ్మిది మందీ సంతకాలు పెట్టారు. పద్నాలుగు పేజీలు. తప్పు చేస్తే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో అందులో లేదు. ఎవరు విచారించాలో లేదు. నిజమని తేలితే ఏం చెయ్యాలో లేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని అభిశంసించిన సందర్భం ఈ దేశ చరిత్రలో ఒక్కటే, 1804లో శామ్యూల్ చేజ్‌ని. సెనేట్ ఆయన్నీ వదిలేసింది. ఆ దారి పేరుకే ఉంది. ఫోర్టాస్‌ని దింపింది చట్టం కాదు, ఆనాటి సిగ్గు. సిగ్గు మీద ఆధారపడి ఒక దేశపు న్యాయాన్ని నడపలేమని ఈ యాభై ఏళ్లలో తేలిపోయింది.

కాబట్టి మొన్నటి పోట్లాటకి నా తీర్పు వినండి. న్యాయమూర్తి సొంత కుటుంబం తప్ప ఇంకెవరి కానుకా పుచ్చుకోకూడదు. విమానంలో సీటైనా, ఇంటి కొనుగోలైనా, పిల్లవాడి ఫీజైనా పుచ్చుకున్నది ప్రతిదీ ఆ ఏడాదే కాగితం మీద పెట్టాలి. పెట్టనప్పుడు పిలిచి అడిగే అధికారం ఆ తొమ్మిది మందికి బయట ఉన్న ఒకరికి చట్టం ద్వారా ఇవ్వాలి. మొదటిదానికి మంచి మనసు చాలు. రెండోదానికి చట్టం 1978 నుంచీ ఉంది. మూడోది ఇంకా లేదు. మీరు ఓటేసే వయసొచ్చాక ఓటడగడానికి వచ్చిన ప్రతి సెనేటర్నీ, ఏ పార్టీవాడైనా సరే, ఆ మూడోదాని గురించే అడగండి.